హంతకుడికి యాస ఉండదా?

ఈ మధ్య తెలుగు ఓటీటీల్లో నేర కథలు బాగా పెరిగాయి. 'గాలివాన', 'రెక్కీ', 'దూత', 'వికటకవి', 'విరాటపాలెం'... ఒకటి పూర్తయ్యేలోపు ఇంకోటి దిగుతోంది. నేనూ వదలకుండా చూస్తున్నాను. వీటిలో ఎవరు ఎవర్ని చంపారన్నది ఇక్కడ చెప్పను, చూడని వాళ్ళు నిశ్చింతగా చదవొచ్చు. నా చెవి ఎప్పుడూ ఇంకో చోట ఉంటుంది. చచ్చిపోయినోడి తల్లి ఏ మాటలతో ఏడ్చింది? సాక్షి అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కడ తడబడ్డాడు? కానిస్టేబులు ఎస్సై ముందు ఎలా మాట్లాడాడు, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర ఎలా మాట్లాడాడు?

నేర కథకి ఇదేమీ పక్క విషయం కాదు. మిగతా కథల్లో మాట ఒక అలంకారం అయితే అవ్వొచ్చు, నేర కథలో మాట సాక్ష్యం. ఎవడు ఏమన్నాడు, ఎలా అన్నాడు, అన్నది విన్నవాడికి ఏమని అర్థమైంది అన్న దాని మీదే కేసు నిలబడుతుంది. అలాంటి చోట కూడా మన గోదారి మాటకి జాగా దొరకడం లేదన్నదే నా ఫిర్యాదు.

గాలివానలో తడవని మాట

ముందుగా 'గాలివాన'. 2022 ఏప్రిల్‌లో జీ5లో వచ్చింది. దర్శకుడు శరణ్ కొప్పిశెట్టి. బీబీసీ వాళ్ళు 2016లో తీసిన 'వన్ ఆఫ్ అజ్' అనే సిరీస్‌కి ఇది తెలుగు రూపం. అక్కడ కథ స్కాట్లండ్ కొండల్లో నడుస్తుంది, ఇక్కడ గోదారి పల్లెకి తెచ్చారు. కొత్తగా పెళ్ళైన జంటని ఎవడో చంపేస్తాడు. చంపినోడు పారిపోతూ, గాలివానలో, ఆ జంట తాలూకు రెండు కుటుంబాలు ఉన్న ఊరికే వచ్చి పడతాడు. ఇప్పుడు ఆ రెండు కుటుంబాలూ ఏం చెయ్యాలి?

కథ గట్టిది. రాధిక, సాయికుమార్ ఇద్దరూ బాగా చేశారు. గాలివానని గోదారికి తేవడం కూడా తెలివైన పనే. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్ళకీ యానాం వాళ్ళకీ గాలి చప్పుడు వింటే గుండె ఎలా జారుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. అంత భయం మన దగ్గర సిద్ధంగా ఉంది. కానీ నా చెవికి వినిపించింది ఏంటంటే, ఊరు గోదారిది, వాన గోదారిది, మాట మాత్రం ఏ ఊరిదీ కాదు. అక్కడక్కడా ఒక 'అండీ' పడుతుంది, అంతే. రెండు ఇళ్ళ వాళ్ళూ ఒకేలా మాట్లాడతారు. పెద్దాయనా కుర్రోళ్ళూ ఒకేలా మాట్లాడతారు. పెరట్లో పనిచేసే మనిషీ చదువుకున్న అమ్మాయీ ఒకే పుస్తకంలోంచి చదివినట్టు ఉంటారు.

ఇది నటుల తప్పు అనను. రాసేటప్పుడే మాటని ఊరికి కుట్టలేదు. కథని స్కాట్లండ్ నుంచి ఇక్కడికి మోసుకొచ్చిన వాళ్ళు ఇల్లు కట్టి, గాలి పెట్టి, వాన కురిపించి, చివరికి మాట దగ్గర ఆగిపోయారు.

ఎవరికి ఏ భావం

దీన్ని 'రెక్కీ' పక్కన పెట్టి చూడండి. అదీ 2022లోనే, అదీ జీ5లోనే. 1992 నాటి తాడిపత్రి, మున్సిపల్ చైర్మన్ హత్య. అందులో సీమ మాట వినిపిస్తుంది, కథకి బలం ఇస్తుంది. సంతోషం. కానీ ఒక్క క్షణం ఆలోచిస్తే ఇంకో సంగతి తోస్తుంది. సీమ యాసకి తెర మీద దొరికిన ఉద్యోగం ఒక్కటే, కత్తి పట్టుకోవడం. పగ, పంతం, ఫ్యాక్షన్ అనగానే ఆ యాస పిలుస్తారు. తెలంగాణ మాటని చాలా ఏళ్ళు రౌడీలకీ కమెడియన్లకీ ఇచ్చారు. ఉత్తరాంధ్ర మాటని అమాయకుడికి, పనిమనిషికి ఇచ్చారు. మన గోదారి మాటకి ఇచ్చింది ఎటకారం. 'ఆయ్', 'మరేనండి', 'అయ్యబాబోయ్' అనిపించి నవ్వించడం.

అంటే ఏ ప్రాంతానికి ఏ భావమో పంచేసుకున్నారన్నమాట. ఇందులో మనకి నవ్వు వచ్చింది కదా, కత్తి కంటే నయమే కదా అని కొందరు అనొచ్చు. నేను ఒప్పుకోను. నవ్వించే యాస అని ఒకసారి ముద్ర పడితే, ఆ యాసలో ఎవరైనా ఏడ్చినా, భయపడినా, ఫిర్యాదు చేసినా ఎదుటివాడి పెదవి ముందు నవ్వుకే సాగుతుంది. హైదరాబాదు హాస్టల్లో మన పిల్ల "చేత్తాను" అంటే నవ్వుతారు, రెండు నెలల్లో ఆ పిల్ల "చేస్తాను" నేర్చుకుంటుంది. అక్కడితో అయిపోతే పోనీ అనుకోవచ్చు. అదే పిల్ల రేపు ఏదో అన్యాయం జరిగి స్టేషన్లో నిలబడితే? నవ్వు పుట్టించే మాటని నమ్మేవాళ్ళు తక్కువ. అందుకే ఇది వినోదం సంగతి మాత్రమే కాదంటున్నాను.

మన యాసకి యాస లేదనుకోవడం

గోదారికి ఈ గతి పట్టడానికి ఒక చరిత్ర కూడా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. ఆ పరిశోధనతోనే తెలుగుని నాలుగు మాండలికాలుగా చూడటం స్థిరపడింది. కళింగం వైపు తూర్పు, సీమ వైపు దక్షిణం, తెలంగాణ వైపు ఉత్తరం, కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాలు కలిపి మధ్య మండలం. పత్రికల తెలుగు, పాఠ్యపుస్తకాల తెలుగు, సినిమా తెలుగు అన్నీ ఈ మధ్య మండలంలో చదువుకున్న వాళ్ళ మాట మీద నిలబడ్డాయి.

దాంతో ఒక తమాషా జరిగింది. "ప్రామాణిక భాష మీ వైపుదే కదా, మీకు వేరే యాస ఏంటి?" అన్న అభిప్రాయం పడిపోయింది. ప్రామాణికం అయ్యింది చదువుకున్న కొన్ని ఇళ్ళ మాట. అదే ఊళ్ళో రేవు దగ్గరి మాట, లంక పొలాల మాట, మత్స్యకారుల పేటల మాట అందులో లేవు. 'వెళ్ళాడు' పుస్తకంలోకి ఎక్కింది, 'ఎల్లాడు' గట్టు మీద ఉండిపోయింది. 'గారు' అచ్చయ్యింది, 'గోరు' నవ్వులాటకి పోయింది. సీమకో తెలంగాణకో కథ రాసేవాడు కనీసం "యాస రాయాలి" అనుకుంటాడు. గోదారికి రాసేవాడు మామూలు తెలుగు రాసి, నాలుగు 'అండీ'లు చల్లితే చాలనుకుంటాడు. యాస లేదనుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే.

ఒకే ఊళ్ళో పది రకాల గొంతులు ఉంటాయన్నది నేర కథకి ఎంత పనికొచ్చే సంగతో చూడండి. చీకట్లో రెండు మాటలు విన్న సాక్షి, ముఖం చూడకపోయినా, "ఆడు మా పేటోడు కాదండి" అని చెప్పగలడు. 'వత్తన్నాడు' అన్నవాడూ 'వస్తున్నాడు' అన్నవాడూ ఒక ఇంటివాళ్ళు కాకపోవచ్చు. ఇంతకంటే మంచి క్లూ ఏముంటుంది? అందరి చేతా ఒకే తెలుగు పలికిస్తే ఈ క్లూని రచయితే చెరిపేసుకున్నట్టు.

'దూత' వేరే లెక్క

2023 డిసెంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'దూత'ని ఈ కోపంతో కొట్టిపారెయ్యలేను. విక్రమ్ కె. కుమార్ తీసిన ఈ కథ విశాఖ వానల్లో నడుస్తుంది. నాగచైతన్య పాత్ర జర్నలిస్టు, చావులు పత్రిక ముక్కల్లోంచి వస్తాయి. అంటే ఇది అచ్చులో ఉన్న మాట చుట్టూ తిరిగే కథ. వాళ్ళు పత్రికల తెలుగు మాట్లాడటం అతికింది. పార్వతి వేసిన పోలీసు అధికారి పేరు క్రాంతి షెణాయ్. ఆ ఇంటిపేరే ఆమె బయటి మనిషని చెప్పేస్తుంది, ఆమె నోట విశాఖ యాస రాకపోవడమే సబబు. కానీ అలాంటి బయటి అధికారి పక్కన, రోడ్డు మీద, ఆసుపత్రిలో, అద్దింట్లో ఉన్న స్థానికుల మాట గట్టిగా వినిపించి ఉంటే, ఆమె ఒంటరితనం మనకి ఇంకా బాగా తెలిసేది. ఆ అవకాశం వదిలేశారు.

బయటి పోలీసు, లోపలి భాష అనే ఈ అవకాశాన్ని బాగా వాడుకున్నది హిందీలో 'పాతాళ్ లోక్' రెండో భాగం, 2025 జనవరిలో వచ్చింది. ఢిల్లీ పోలీసు హాథీరామ్ చౌధరీ నాగాలండ్ వెళతాడు. అక్కడి వాళ్ళు నాగామీస్ మాట్లాడుకుంటూ ఉంటే అతనికి అర్థం కాదు, మనకి సబ్‌టైటిల్ ఉంటుంది. పోలీసుకి తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తుంది, ఉత్కంఠ అక్కడ పుడుతుంది. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'కోహ్రా' కూడా చూడండి. పెళ్ళికి ముందు ఒక ఎన్నారై పెళ్ళికొడుకు శవం దొరుకుతుంది. విచారణ చాలా మటుకు పంజాబీలోనే నడుస్తుంది. హిందీ సినిమా ఇన్నేళ్ళూ పంజాబీని భాంగ్రాకీ నవ్వులకీ వాడుకుంది. 'కోహ్రా'లో అదే భాష అలసిపోయిన ఎస్సై నోట, పరువు కోసం కుమిలిపోయే తండ్రి నోట వినిపిస్తుంది. నవ్వు రాదు. మనకి కావలసింది సరిగ్గా అదే.

అమెరికాలో 'మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్' (2021) కోసం కేట్ విన్స్‌లెట్ అనే ఇంగ్లండు నటి ఫిలడెల్ఫియా పక్కనున్న డెలవేర్ కౌంటీ యాస పట్టుబట్టి నేర్చుకుంది. అమెరికాలోనే చాలా మందికి తెలియని యాస అది. ఆ నేర్చుకోవడం నవ్వించడానికి కాదు, కొడుకుని పోగొట్టుకున్న ఒక డిటెక్టివు ఆ ఊరి మనిషే అని నమ్మించడానికి.

వాంగ్మూలంలో పోయేది

తెర పక్కన పెట్టి అసలు స్టేషన్ సంగతి చూద్దాం. సాక్షిని పోలీసులు విచారించి మాట రాసుకునే పద్ధతి ఉంది. పాత నేర విచారణ స్మృతిలో సెక్షన్ 161, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ 180. సాక్షి చెబుతాడు, రైటరు రాస్తాడు. చెప్పేది ఒక తెలుగు, రాసేది ఇంకో తెలుగు.

ఉదాహరణకి, ఊహించి రాస్తున్నాను. రేవు దగ్గర చేపలమ్మే ఆవిడ ఇలా అంటుంది: "ఆడు పంటు కాడ నిలబడి ఉన్నాడండి. పలకరిత్తే పలకలేదు. ఏటో గొణుక్కుంటన్నాడు." కాగితం మీదికి వచ్చేసరికి అది "సదరు వ్యక్తి రేవు వద్ద అనుమానాస్పదముగా సంచరించుచుండెను" అవుతుంది. ఆవిడ అనుమానం అనలేదు. గొణుక్కుంటన్నాడు అంది. గొణుక్కునేవాడు భయపడుతూ ఉండొచ్చు, బాధలో ఉండొచ్చు, తాగి ఉండొచ్చు. నిలబడి ఉన్నవాడు సంచరించడం మొదలెట్టాడు. ఒక మనిషి మీద నేరం ఎలా పడుతుందో ఈ రెండు వాక్యాల మధ్య ఉంది. మరణ వాంగ్మూలం దగ్గర కోర్టులు ఎందుకు చనిపోతున్న మనిషి సొంత మాటల్లోనే ఉండాలని చూస్తాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇన్ని సిరీస్‌లు వచ్చాయి, ఈ రైటరు మీద, ఈ మార్పు మీద నిలబడిన సీను ఒక్కటీ నాకు తగల్లేదు.

ఇంకా చూడండి. మన తీరంలో "ఏటకెల్లాడు" అంటే చేపలకి వెళ్ళాడని. "ఏటేసేరు" అంటే మేకనో పొట్టేలునో కోశారని. రెండూ 'వేట' అన్న మాటే. బయటినుంచి వచ్చిన అధికారికి రెండూ కలిసిపోతే కథ ఎటు పోతుంది? 'పోటు' అంటే సముద్రం ఎదురెక్కే నీరు, 'పోటు' అంటే కత్తి గుచ్చింది కూడా. గౌతమి పాయ మీద ఉన్న ఊళ్ళో "పోటులో పోయాడండి" అంటే ఏమని రాసుకోవాలి? "రేపొద్దున్న తేలుద్ది నీ సంగతి" అన్నవాడు మర్నాడు పొద్దున్నే వస్తానన్నట్టా, ఎప్పుడో ఒకప్పుడన్నట్టా? ఊళ్ళో సగం మందిని 'మావయ్యా', 'బావా', 'పిన్నీ' అని పిలిచే చోట, చుట్టరికం గీత గీసుకుని హంతకుణ్ణి వెతికే డిటెక్టివు గతి ఏంటి? ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. ఒక మనిషి జైలుకి పోయే సందర్భంలో అవే మాటలు ఒళ్ళు జలదరించేలా ఉంటాయి.

యానాం కథ అయితే

ఇలాంటి కథకి యానాం కంటే మంచి చోటు ఎక్కడుంది? ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. ఇటు కాకినాడ జిల్లా, ఏరు దాటితే కోనసీమ జిల్లా. మన పోలీసు మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి ఉన్న పుదుచ్చేరి పోలీసు, కానిస్టేబులు నెత్తిన ఎర్ర కెపీ. టోపీ రంగు మారిందంటే చట్టం చేతులు మారినట్టే. అప్పీలు మద్రాసు హైకోర్టుకి పోవాలి. సాక్షి మాట తెలుగు, పై అధికారి మాట తమిళం కావొచ్చు, తీర్పు ఇంగ్లీషు. ఒక మాట ఇన్ని చేతులు మారితే చివరికి ఎంత మిగులుతుంది?

నేరం అన్న మాటే గీత దాటితే మారిపోయిన ఊరు మనది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు వైపు బాల్య వివాహాల్ని నేరం చేస్తే, పిల్లల్ని తీసుకుని ఫ్రెంచి యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయారు. కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. అదే తాళి, అదే పిల్ల, గీతకి అటు నేరం, ఇటు పెళ్ళి భోజనం. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుంచి ఊరు బయటపడిన ఘట్టంలో ముందు నిలబడిన దడాల రఫేల్ రమణయ్య గారు కూడా ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళ దగ్గర పోలీసు ఇన్‌స్పెక్టరే. పోలీసు పాత్ర కోసం ఊహ కూడా పెద్దగా అక్కర్లేదు.

సినిమా వాళ్ళకి యానాం కొత్త కాదు. ఏటి ఒడ్డు, సూర్యాస్తమయం, వంతెన తీసుకుపోతూనే ఉన్నారు. మాటని మాత్రం ఇక్కడే వదిలేసి పోతున్నారు.

"అందరికీ అర్థం కాదు" అనే మాట

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే. యాస ఎక్కువైతే మిగతా ప్రాంతాల వాళ్ళు చూడరట. 2023లో 'బలగం' చావు ఇంటి కథని తెలంగాణ మాటలో చెప్పింది. కోనసీమలో కూడా ఏడ్చారు. 'కేరాఫ్ కంచరపాలెం', 'పలాస 1978' ఉత్తరాంధ్ర మాటకి ప్రేమనీ కోపాన్నీ ఇచ్చాయి. మనకి దగ్గర్లోనే 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' (2024) ఉంది. శరణ్య ప్రదీప్ వేసిన అక్క పాత్ర తనకి జరిగిన అవమానం మీద తిరగబడితే హాల్లో ఎవరూ నవ్వలేదు. సినిమాకి చేతనైంది సిరీస్‌కి ఎందుకు కాదు? పైగా ఓటీటీలో సబ్‌టైటిల్ ఉంది, వెనక్కి తిప్పుకుని వినే వీలుంది. తమిళంలో తీసిన 'సుడల్'ని అక్కడి మయాన కొళ్ళై జాతరతో సహా తెలుగు డబ్బింగులో చూసి మెచ్చుకున్నాం. పక్క రాష్ట్రం జాతర అర్థమైన వాళ్ళకి పక్క జిల్లా మాట అర్థం కాదా?

ఇంకో భయం కూడా ఉంది, అది నాకూ ఉంది. యాస పెట్టమంటే ప్రతి వాక్యం చివర ఒక 'ఆయ్' తగిలిస్తారు. అది ఇప్పుడున్న దానికంటే ఘోరం. యాస అంటే వింత పదాల పట్టీ కాదు. ఏ అక్షరం సాగదీస్తారు, ఎక్కడ ఆగుతారు, పెద్దవాళ్ళ ముందు ఏ మాట మింగేస్తారు, కోపం వస్తే 'అండీ' తీసేస్తారా లేక ఇంకా ఒత్తి పలుకుతారా. మన వైపు అసలైన బెదిరింపు 'అండీ'తోనే వస్తుందని ఇక్కడ పెరిగిన ఎవరినడిగినా చెబుతారు. "చూసుకుందాం లెండి" అన్నదాంట్లో ఉన్న చలి "నరికేస్తా" అన్నదాంట్లో ఉండదు.

కాబట్టి ఇక మీద గోదారి నేపథ్యం అని ఏ నేర కథ వచ్చినా నేను మూడు సంగతులు చూస్తాను. ఆ యాసలో ఎవరైనా అబద్ధం చెప్పారా? ఆ యాసలో ఎవరైనా బెదిరించారా? ఆ యాసలో ఎవరైనా ఏడ్చారా? మూడింటికీ నవ్వు రాకుండా ఉంటే ఆ సిరీస్ మన ఊరిది. లేకపోతే ఏటి ఒడ్డున తీసిన ఇంకో ఊరి కథ అంతే.